నుదుటి కెక్కిన దీపము

అమెరికా సంయుక్త రాష్ట్రముల దక్షిణ భాగమునందును, ఓహియో, ఇండియానా మొదలగు రాష్ట్రములందును, శరదృతువు ప్రవేశించి ఓకు చెట్ల కాయలు రాలు కాలము వచ్చినంతనే, పగలెల్ల పొలములోనో కర్మాగారములోనో శ్రమించిన గృహస్థులు రాత్రి భోజనానంతరము వేటకుక్కలను బండి కెక్కించుకొని అడవిదారి పట్టుదురు. వారు వెదకునది రకూన్ అను జంతువు. పిల్లికంటె కొంత పెద్దదై, కన్నుల చుట్టును నల్లని చారయు, తోకమీద వలయములును గల యీ నిశాచరము కుక్కలు తఱిమినప్పుడు చెట్టెక్కి కొమ్మలనడుమ ఒదిగియుండును. జాడ పట్టి పరుగెత్తునపుడు ఒక తీరున మొఱుగు కుక్క, చెట్టు దొరికినంతనే గొంతు మార్చి, మ్రానిపై ముందుకాళ్లు మోపి, ఎడతెగక మొఱుగును. కుక్క పని అంతటితో ముగిసినది. పైనున్నదానిని కనుగొనుట మనుష్యుని కంటిపని, ఆ కంటికి తోడైన దీపము పని.

ఈ పని యెంత ముఖ్యమైనదో కుక్కల పోటీల నియమములను చూచినచో తెలియగలదు. 1898 లో స్థాపింపబడిన యునైటెడ్ కెన్నెల్ క్లబ్బు వారి రాత్రి పోటీలలో జంతువును చంపుట యుండదు. చెట్టుమీద రకూన్ కంటబడినచో కుక్కకు మార్కులు కలియును, చెట్టు వట్టిదని తేలినచో తీసివేయబడును, ఆకుల గుబురువలన ఉన్నదో లేదో తేలనిచో ఆ మార్కులచుట్టు సున్న చుట్టి లెక్కలో చేర్పక విడుతురు. కుక్క నిజమే చెప్పినను, దీపము చాలనిచో ఆ నిజము లెక్కకు రాదన్నమాట.

ఇంతకును వేటకాడు చెట్టుపై చూడగోరునది జంతువు శరీరమును కాదు, దాని కన్నులను. రకూన్ కంటిలో నేత్రపటలమునకు వెనుక, కాంతిని ప్రతిఫలింపజేయు పొర యొకటి కలదు. మన యావులకును పిల్లులకును గూడ నిట్టి పొర యున్నందుననే రాత్రివేళ బస్సు దీపములకు వాని కన్నులు నిప్పుకణికలై తోచును. లోనికి వచ్చిన కాంతిలో నేత్రపటలము గ్రహింపక విడిచిన భాగమును ఆ పొర మఱల వెనుకకు త్రిప్పి, రెండవమాఱు చూచుటకు అవకాశము కల్పించును. అప్పటికిని మిగిలిన కాంతి, కంటికటకముగుండ వెలువడి, వచ్చినత్రోవనే దీపమువైపు మరలిపోవును. ఈ చివరి మాటయే నేను చెప్పదలచిన కథకంతకును మూలము. కాంతి దీపమువద్దకే తిరిగి వచ్చును గనుక, దీపము కంటికి ఎంత సమీపమున నుండిన, ఆ కన్నుల మెఱుపు అంత స్పష్టముగ కనబడును. నడుమువద్ద వ్రేలాడు దీపము ఎంత గొప్పదైనను, అది పుట్టించిన మెఱుపులో చాలభాగము చూచువాని ముఖమునకు దూరముగ పోవును. వేటదీపము చరిత్ర ప్రకాశము పెరిగిన చరిత్రయని అనేకులు తలతురు. అది చేతినుండి నుదుటికి ఎక్కిన చరిత్రయనుట సత్యమునకు మఱింత దగ్గర.

మొదట కొఱవులును, పిమ్మట కిరసనాయిలు లాంతరులును వాడుకలో నుండెను. లాంతరు కాంతి నలుదెసలకును సమముగ చెదరును. మోయువాని కన్నులకే ముందుగ మిఱుమిట్లు గొలిపి, ఇరువది గజముల ఎత్తుననున్న కొమ్మకు చేరునప్పటికి సన్నగిల్లును. త్రోవ చూపుటకు చాలిన యీ దీపము చెట్టు చూపుటకు చాలకపోయెను.

తరువాతి మెట్టు గనులనుండి వచ్చినది. 1892 లో నార్త్ కరొలైనా రాష్ట్రమందలి స్ప్రే అను గ్రామమున, తామస్ విల్సన్ అను కెనడా దేశీయుడు, అల్యూమినియమును చౌకగ సాధించు యత్నములో, సున్నమును తారును కలిపి విద్యుత్కొలిమియందు కాల్చగా, కోరిన లోహమునకు దారిచూపని గట్టి పదార్థమొకటి ఏర్పడెను. దానిని నీట వేయగా పొంగివచ్చిన వాయువు నిప్పు సోకినంతనే మండెను. ఆ పదార్థము కాల్షియం కార్బైడు, ఆ వాయువు ఎసిటిలీన్. మామిడికాయలను మాగవేయుటకు అక్రమముగ వాడుచున్నారని మన అంగళ్లయందు తఱచు వినబడు కార్బైడు ఇదియే. న్యూయార్కునందలి ఫ్రెడరిక్ బాల్డ్విన్ 1900 లో చిన్న కార్బైడు దీపమునకు పేటెంటు పొందిన పిమ్మట, అది సైకిళ్లనుండి గనికార్మికుల టోపీలమీదికిని, అచటనుండి వేటకాండ్ర టోపీలమీదికిని వ్యాపించెను.

ఆ దీపము పిడికిలిలో ఇముడునంతటి ఇత్తడి వస్తువు. పై అరలో నీరు, క్రింది అరలో కార్బైడు ముక్కలు. నెత్తిమీది మీట త్రిప్పినకొలదియు నీటిచుక్కలు క్రిందికి పడుట హెచ్చుతగ్గులగును, వానిని బట్టి జ్వాలయు పెరిగి తరుగును. వెలిగించువాడు అద్దమువంటి పళ్లెరముపై క్షణకాలము అరచేయి మూసి, వాయువు నిండనిచ్చి, చేతిని పక్కకు జాడించుచు అంచుననున్న చకుముకి చక్రమును దొర్లించును. టప్పుమను చప్పుడుతో తెల్లని జ్వాల నిలుచును. కొన్ని గంటలకు లోన మిగిలిన తడిసున్నమును పాఱబోసి మఱల నింపుకొనవలెను. వానకును గాలికిని ఆఱుట, ఎండుటాకులలో నిప్పుభయము దీని లోపములు. కాని దీపము తొలిసారిగ కన్నులమీదికి చేరెను, చేతులు రెండును ఖాళీ అయ్యెను.

గనులలో ఆ మండు జ్వాల ప్రాణాంతకమయ్యెను. 1912 మార్చిలో వెస్ట్ వర్జీనియాలోని జెడ్ గనియందు సంభవించిన విస్ఫోటమున 80 మందికి పైగా మరణింపగా, మనసు కలగిన జాన్ రయన్, జార్జి డైకీ అను గని ఇంజనీర్లు జ్వాలలేని దీపముకొఱకు ఎడిసన్ నాశ్రయించిరి. నికెలు, ఇనుము కలిగిన బ్యాటరీని నడుమున కట్టి, తీగద్వారా టోపీమీది బల్బునకు విద్యుత్తు నందించు దీపము 1914 లో సిద్ధమయ్యెను. ఆ జాతి దీపమే కాలక్రమమున మన సింగరేణి గనులలోనికిని వచ్చినది. కొత్తగూడెములోనైనను బెల్లంపల్లిలోనైనను, భూగర్భమునకు దిగు కార్మికుడు ల్యాంపురూములో క్యాపుల్యాంపు తీసికొనక దిగడు. అమెరికా వేటకాండ్రలో మసాచుసెట్స్ నందు తయారైన ‘వీట్’ దీపము దశాబ్దములపాటు రాజ్యమేలెను. సీసపు బ్యాటరీ బరువు నడుమును నొప్పించినను, రాత్రి పొడవునను నమ్మదగినదై యుండెను.

ఈ బరువును దింపినవి రెండు ఆవిష్కరణలు. 1991 లో అంగడికెక్కిన లిథియం అయాన్ బ్యాటరీ ఒకటి. జపాను శాస్త్రజ్ఞుడు నకమురా 1993 లో సాధించిన ప్రకాశవంతమగు నీలి ఎల్‌ఈడీ రెండవది. నీలికాంతిపై పసుపుపచ్చ ఫాస్ఫరు పూత చేర్చగా తెల్లని వెలుగు వచ్చును. ఆ నీలి ఎల్‌ఈడీ కృషికే అకసాకి, అమానో, నకమురా 2014 లో నోబెల్ బహుమానము నందుకొనిరి. నేడు బొటనవ్రేలి లావుగల బ్యాటరీ యొకటి దాదాపు 11 వాట్-గంటల శక్తిని దాచుకొనును. వాటునకు 100 ల్యూమెన్లు వచ్చునను లెక్కన, 300 ల్యూమెన్ల దీపము మూడున్నర గంటలు, 1000 ల్యూమెన్ల దీపము గంటకు కొంచెము పైగా వెలుగును.

ఇక ఎన్నిక యెట్లు? ల్యూమెను దీపమునుండి వెలువడు మొత్తపు కాంతికి లెక్క. ఒక దిశయందు దాని తీక్ష్ణతకు లెక్క క్యాండెలా. ఒక చోట పడిన వెలుగునకు లెక్క లక్సు. దూరము రెట్టింపైన వెలుగు నాల్గవ వంతగును గనుక, 10,000 క్యాండెలాల పుంజము 25 మీటర్ల చెట్టుకొనయందు 16 లక్సులుగను, 50 మీటర్లవద్ద 4 లక్సులుగను పడును. కావున చెట్టు వెదకుటకు ఇరుకైన పుంజమును, నడచుటకు పలుచని వెడల్పైన వెలుగును కావలెను; ఒకే దీపము రెండింటిని ఇచ్చుచో మేలు.

రంగు విషయమున శాస్త్రము వేటకాని అనుభవమునకు తోడుపడుచున్నది. రకూన్ కంటిలో రంగులు గ్రహించు శంకుకణములు ఒకే విధమైనవి గనుక దానికి వర్ణభేదము తెలియదు. గాఢమైన ఎఱుపు దానికి మందముగ తోచును. తెల్లని పుంజమునకు కన్నులు త్రిప్పుకొను జంతువు ఎఱుపునకో తేనెరంగునకో క్రిందికి చూచుట అందువలననే. ఎఱుపు మన కన్నులకును మేలే; అరగంటసేపు చీకటికి అలవడిన దృష్టిని అది అంతగ చెఱుపదు. కాని ఆ వెలుగులో రంగుల తేడా చెరిగిపోవును గనుక, ఎండుటాకులలో కలిసిపోవు కాపర్‌హెడ్ పాము కనబడకపోవు ప్రమాదము కలదు. నడచునపుడు తెలుపునే వాడుట క్షేమము. దీపముతో వేటాడు విషయమున రాష్ట్రమున కొక చట్టముండుటచే, దానిని ముందుగ తెలిసికొనుటయు అవసరము.

అమ్మువాడు పెట్టెపై పెద్ద అక్షరములతో అచ్చొత్తించునది అత్యధిక ప్రకాశము. కొనువాడు అడుగవలసినది, ఈ దీపమును ఎంతవరకు తగ్గింపవచ్చును, తగ్గించినపుడు ఎన్ని గంటలు నిలుచును, బ్యాటరీ చలికి ఎట్లు ఓర్చును అనునవి; ఏలయన రాత్రిలో చెట్టు కొనను వెదకు సమయము కొన్ని నిమిషములే, తక్కినదంతయు నడకయే.