పెన్‌పహాడ్ బడిలో టైబీరియస్ నాణెం

మా బడిలో లాటిన్ చెప్పే సార్ లేడు, ఉండాల్సిన పనీ లేదు. అయినా పెన్‌పహాడ్ మండలంలో సైన్సు చెప్పుకునే నాకు ఏటా లాటిన్‌తో పని పడుతూనే ఉంటుంది. "సార్, ఐరన్‌ల ఎఫ్ యాడుంది?" అని ఎనిమిదో తరగతి పిల్ల లేచి అడుగుతుంది. న్యాయమైన ప్రశ్నే. హైడ్రోజన్‌కు హెచ్, ఆక్సిజన్‌కు ఓ అని చెప్పి, ఇనుము దగ్గరికొచ్చేసరికి ఎఫ్‌ఈ, బంగారానికి ఏయూ, వెండికి ఏజీ అంటే ఎవరికైనా అనుమానం రావాల్సిందే. "అదంతే, బట్టీ పట్టు" అంటే గంట గడిచిపోతుంది. "రోమ్ వాళ్ళు ఇనుమును ఫెర్రమ్ అన్నరమ్మా. స్వీడన్‌ల బెర్జీలియస్ అనే ఆయన 1813 ప్రాంతంల లాటిన్ పేర్లు పట్టుకొని ఈ గుర్తులు పెట్టిండు" అంటే ఇంకో పది ప్రశ్నలు పుడతాయి. నాకు ఆ రెండో పద్ధతే ఇష్టం.

ఆరు, ఏడు తరగతుల వాళ్ళకైతే చెట్లతో మొదలుపెడతాను. 1753లో లిన్నేయస్ మొక్కలకు రెండేసి మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచాడు. మామిడి మాంజిఫెరా ఇండికా, చింత టామరిండస్ ఇండికా, వేప అజాడిరాక్టా ఇండికా. ఊళ్ళో ఎన్ని ఇండికాలున్నాయో లెక్కపెట్టుకు రమ్మంటే పిల్లలు ఎగిరి గంతేస్తారు. వరి పేరు ఒరైజా సటైవా. సటైవా అంటే విత్తి పండించేదని చెబితే చాలు, నారుమడి చూసి పెరిగిన పిల్లలకు అంతకు మించి వివరించక్కర్లేదు. రేల చెట్టు దగ్గర మాత్రం క్లాసు గొల్లుమంటుంది. దాని పేరు కాసియా ఫిస్టులా. సూర్యాపేట పోయే దారిలో గోడల మీద పైల్స్, ఫిస్టులా దవాఖానల ప్రకటనలు చదవని పిల్లవాడు లేడు మరి. ఫిస్టులా అంటే గొట్టం అని చెప్పి పొడుగాటి రేల కాయ చేతికిస్తే, ఆ పాఠం మళ్ళీ చెప్పే పని ఉండదు.

ఇంగ్లండ్‌లో చిన్నపిల్లల లాటిన్ కోసం 1999లో 'మినిమస్' అనే పుస్తకం వచ్చింది. మినిమస్ ఒక ఎలుక. రోమన్ల విండోలాండా కోటలో ఫ్లావియస్ కుటుంబంతో కాపురముంటుంది. ఆ కోట తవ్వకాల్లో పల్చటి చెక్కముక్కల మీద రాసిన ఉత్తరాలు దొరికాయి. వాటిలో ఒకటి, క్రీ.శ. 100 ప్రాంతంలో ఒక ఇల్లాలు తన స్నేహితురాలిని పుట్టినరోజుకు పిలిచిన ఉత్తరం. ఏడేళ్ళ పిల్లకు విభక్తుల పట్టిక ఇవ్వడం కన్నా ఆ పిలుపు చదివించడం ఎంత తెలివైన పని! అక్కడి ప్రభుత్వం 2021లో సర్కారు బడుల్లో లాటిన్ కోసం 40 లక్షల పౌండ్ల పథకం ప్రకటించింది, 2025లో విద్యాసంవత్సరం నడుమనే ఆపేసింది. పథకాల సంగతి అంతటా ఒకటే.

మనకు విండోలాండా లేదు, కానీ నాణేలున్నాయి. పాత నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి, అగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి. నాగార్జునకొండలో బంగారు నాణేలూ దొరికాయి. మన దిక్కు సన్నబట్టలకు, దక్షిణాది మిరియాలకు రోమ్ సొమ్ము ఓడలెక్కి వచ్చేది. 'పెరిప్లస్' అనే గ్రీకు ఓడయాత్రల పుస్తకంలో మచిలీపట్నం తీరపు సన్నబట్టల మాట ఉంది. ఏటా 5 కోట్ల సెస్టెర్స్‌లు ఇండియాకు పోతున్నాయని రోమ్‌లో ప్లినీ అనే రచయిత మొత్తుకున్నాడు. నాలుగు సెస్టెర్స్‌లు ఒక వెండి దినారియస్. భాగించమంటే ఏడో తరగతి వాళ్ళు చకచకా కోటీ పాతిక లక్షలని తేల్చారు.

టైబీరియస్ నాణెం బొమ్మను పెద్దదిగా జిరాక్స్ తీసి బల్లకొకటి పంచుతాను. చుట్టూ ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలే కాబట్టి కూడబలుక్కుంటారు. కొన్ని మాటలకు పొడి అక్షరాలే ఉంటాయి. వాటిలో ఎఫ్ ఒక్కటే విడిగా ఉంటుంది. అది ఫిలియస్, అంటే కొడుకు. 'దేవుడైన అగస్టస్ కొడుకు టైబీరియస్ సీజర్ అగస్టస్' అని మొత్తం రాత. పక్కనే మన శాతవాహన నాణెం బొమ్మ పెడతాను. దాని మీద ప్రాకృతంలో రాజు తనను గోతమి కొడుకునని చెప్పుకుంటాడు. ఒకచోట నాయన పేరు, ఒకచోట అమ్మ పేరు.

"మరి ఆయనకు అమ్మ లేదా సార్?" అని ముందు బెంచీ పిల్ల అడిగింది. నాణెం తిప్పమన్నాను. వెనకవైపు ఒక స్త్రీ కూర్చుని ఉంటుంది. ఆమె టైబీరియస్ తల్లి లివియా అని చాలామంది చరిత్రకారుల అభిప్రాయం. చుట్టూ ఉన్నది మాత్రం కొడుకు బిరుదే, ప్రధాన పూజారి అని. "బొమ్మేసిండ్రు గని పేరు రాయలే" అంది ఆ పిల్ల. నేనేం కలపలేదు.

మన దగ్గర ప్రాచీన భాష నేర్పడమంటే ఇంటర్‌లో సంస్కృతం తీసుకోవడమైపోయింది. మార్కుల కోసం తీసుకుంటారు, పరీక్ష గడిచాక ఒక్క శ్లోకం మిగలదు. 1767లో కేర్‌దూ అనే ఫ్రెంచి పాదిరీ సంస్కృతానికీ లాటిన్‌కూ చుట్టరికముందని పారిస్ పండితులకు రాసి పంపాడు. ఆయన తెలుగు నేర్చుకుని తెలుగు, ఫ్రెంచి, సంస్కృత నిఘంటువు కూర్చినవాడు. దానం, దోనుం పక్కపక్కన బోర్డు మీద రాస్తే ఆయనకు తట్టిందే మా పిల్లలకూ తడుతుంది. దీనికి కొత్త సబ్జెక్టు అక్కర్లేదు, కొత్త పరీక్ష అసలే వద్దు. సందర్భమొచ్చినప్పుడు అరగంట చాలు.

ఈసారి మా జిల్లాలోనే ఉన్న ఫణిగిరి వంతు. 2024లో అక్కడి బౌద్ధక్షేత్రంలో ఒక కుండ నిండా 3,730 సీసపు నాణేలు దొరికాయి, ఇక్ష్వాకుల కాలంవి. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. సీసానికి పీబీ అని ఎందుకు రాస్తారో ముందే కనుక్కుని రమ్మన్నాను.