పరిగె ఏరుకొనే హక్కు

"కాలేజీ ఫీజు ప్రభుత్వమే కడుతుంది కదండీ, ఇంకేం చింత?" అని సంఘాల్లో చాలామంది మాతో అంటుంటారు. కడుతుంది, నిజమే. ఎవరికి, ఎంత, ఎప్పుడు అన్నది తెలియకనే మన పిల్లలు ఇబ్బంది పడుతున్నారు.

డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా ఉమ్మడి రాష్ట్రంలో విస్తృతంగా అమలైన ఫీజు రీయింబర్స్‌మెంట్, తెలంగాణలో నేడు ఈ-పాస్ ద్వారా నడుస్తోంది. ఇందులో ట్యూషన్ ఫీజు ఒక భాగం, చదువుకొనే రోజుల ఖర్చులకిచ్చే ఉపకారవేతనం మరొకటి. బీసీ, మైనారిటీ కుటుంబాల వార్షికాదాయం గ్రామాల్లో లక్షన్నర, పట్టణాల్లో 2 లక్షల రూపాయలు మించకూడదు. హాజరు 75 శాతం ఉండాలి. మొదటి ఏడు వచ్చింది కదా అని ఊరుకోకూడదు, ఏటా రెన్యువల్ చేయించాలి.

మనవారు ముఖ్యంగా గమనించవలసిన సంగతి ఒకటుంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల క్రైస్తవుడైన దళితునికి ఎస్సీ హోదా లేదు. మన రెండు రాష్ట్రాల్లో అతడు బీసీ-సి, ఆ రిజర్వేషన్ 1 శాతమే. ఇది అన్యాయమని మేము ఎప్పుడూ చెబుతూనే ఉన్నాము. అయినా బీసీ-సి పత్రంతో ఫీజు పథకానికి దరఖాస్తు చేయవచ్చు. ఇంజనీరింగ్‌లో మాత్రం ర్యాంకు 10,000 దాటిన బీసీ విద్యార్థికి వచ్చేది 35,000 రూపాయల వరకే. మిగతాది ఎలా కట్టాలో కాలేజీ ఎంచుకొనే ముందే ఆలోచించాలి.

అసలు కష్టం ఆలస్యంలో ఉంది. బకాయిల కోసం 2025 నవంబరులో తెలంగాణ ప్రైవేటు కళాశాలలు బంద్ పాటించాయి. సొమ్ము రాకపోతే కొన్ని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపుతాయి. పాసైన బిడ్డ ఉద్యోగానికి వెళ్లలేదు, పైచదువుకూ వెళ్లలేదు.

పొలం అంచులు పేదలకు విడిచిపెట్టమని ధర్మశాస్త్రం ఆజ్ఞాపించింది. బోయజు పొలంలో పరిగె ఏరుకొన్న రూతు భిక్షమెత్తలేదు, తన హక్కును వాడుకొంది. పథకం ప్రకటించి సొమ్ము ఆపడం అంచు విడిచి కంచె వేసినట్లే. ప్రభుత్వాన్ని ఆ మాట అడగవలసిందే.

అడుగుతూనే మన పని మనం చేద్దాం. ఆదివారం ప్రకటనల్లో దరఖాస్తు చివరి తేదీ చదవండి. చదువుకున్న యౌవనస్థులు ఆరాధన తరువాత ఒక గంట కూర్చొని దరఖాస్తులు నింపిపెట్టండి. ఆదాయం తక్కువ చూపించే దొంగపత్రాలకు మాత్రం ఎవరూ సాయపడవద్దు, అది మరో పేదబిడ్డ వాటా. సర్టిఫికెట్ ఆగినవారికి సంఘ నిధి నుండి చేబదులివ్వండి, సొమ్ము వచ్చాక తిరిగి ఇస్తారు. భవన నిర్మాణానికి కానుకలు పోగుచేయగలిగిన మనకు ఇది భారం కాదు.