రాగి గొట్టంలో నీటి బొట్టు

"సార్, ఈ గొట్టాల్లో ఏముంటుంది?" అని అడిగింది ఒక అమ్మాయి. ల్యాబ్‌లో వేడెక్కి మాటిమాటికీ ఆగిపోతున్న డెస్క్‌టాప్‌ను అప్పుడే విప్పి బల్ల మీద పెట్టాను. ప్రాసెసర్ మీద నిటారుగా కూలర్, దాని అడుగు నుంచి బయల్దేరి అల్యూమినియం రేకుల్లోకి దూరిన నాలుగు రాగి గొట్టాలు. అవి కడ్డీలనే అందరూ అనుకున్నారు. లోపల నీళ్లున్నాయంటే ఒక్కరూ నమ్మలేదు.

ఉన్నవి కొద్ది బొట్లే. గొట్టంలోని గాలిని తోడేసి, ఆ కాస్త నీటినీ లోపల ఉంచి, రెండు చివరలూ మూసేస్తారు. గాలి ఒత్తిడి లేదు కాబట్టి నీరు మరగడానికి 100 డిగ్రీలు అక్కర్లేదు, 40 డిగ్రీలకే మరుగుతుంది. బడిలో బట్టీ పట్టే బాష్పీభవన గుప్తోష్ణం అసలు సత్తా చూడాలంటే ఇక్కడే చూడాలి. గ్రాము నీటిని 20 నుంచి 80 డిగ్రీలకు వేడి చేయడానికి 250 జౌళ్లు చాలు. అదే గ్రాము ఆవిరి కావాలంటే 2,300 జౌళ్లు దాటుతుంది. అందుకే 100 వాట్ల వేడి కక్కే ప్రాసెసర్‌కు, సెకనుకు 0.04 గ్రాముల నీరు ఆవిరైతే సరిపోతుంది. ఆ ఆవిరి పై చివరకు పరుగెత్తి, రేకుల దగ్గర చల్లబడి మళ్లీ నీరవుతుంది. మోసుకొచ్చిన వేడినంతా అక్కడ దింపేస్తుంది. రేకుల నుంచి దాన్ని ఊదేయడమే ఫ్యాన్ పని. చప్పుడు చేసేది అదే కాబట్టి పేరు కూడా దానికే వస్తుంది.

నాకు ముచ్చటేసేది నీటి తిరుగు ప్రయాణం. పంపు లేదు, మోటారు లేదు. గొట్టం లోపలి గోడకు రాగి పొడిని కాల్చి అతికించిన పొర ఒకటి ఉంటుంది. దీపం వత్తి నూనెను లాగినట్టు, ఆ పొడి సందులు నీటిని మళ్లీ ప్రాసెసర్ వైపు లాగుతాయి. క్యాబినెట్‌ను పడుకోబెట్టినా ఈ రాకపోకలు ఆగవు. అంతే లావున్న గట్టి రాగి కడ్డీ వేడిని మోయడంలో దీని దరిదాపులకు రాదు.

ఈ ఊహ రెండుసార్లు పుట్టింది. జనరల్ మోటార్స్‌లో రిచర్డ్ గాగ్లర్ 1944లోనే పేటెంటు పొందాడు. అది కాగితాల్లో ఉండిపోయింది. 1963లో లాస్ అలమోస్ ప్రయోగశాలలో జార్జ్ గ్రోవర్, అంతరిక్షంలో వాడే అణు రియాక్టర్ల వేడిని తరలించే దారి వెతుకుతూ దాన్ని మళ్లీ కనిపెట్టాడు. హీట్‌పైప్ అన్న పేరు పెట్టిందీ ఆయనే. నా ఓటు గ్రోవర్‌కే, చేసి, కొలిచి చూపించాడు కాబట్టి. తర్వాత అది ఉపగ్రహాలకెక్కింది, ల్యాప్‌టాప్‌ల్లోకి దిగింది, ఇదిగో, ఇప్పుడు మా బల్ల మీదికొచ్చింది.

మరి మా డెస్క్‌టాప్ ఎందుకు ఆగిపోతోంది? బయాస్‌లో చూస్తే ప్రాసెసర్ 90 డిగ్రీలు దాటింది. రేకులు మాత్రం చేతికి చల్లగా ఉన్నాయి. అంటే వేడి గొట్టం దాకా రావడమే లేదు. కూలర్ ఊడదీస్తే థర్మల్ పేస్ట్ ఎండి పొడిపొడిగా రాలింది. పైకి నున్నగా కనిపించినా రెండు లోహాల మధ్య కంటికానని సందులుంటాయి, వాటిలో గాలి చేరుతుంది. వేడిని మోయడంలో గాలి శక్తి రాగిలో 15 వేలో వంతు! ఆ గాలిని గెంటేయడమే పేస్ట్ పని. రాగితో పోలిస్తే పేస్ట్ కూడా నాసిరకపు వాహకమే, కాబట్టి దట్టంగా పూస్తే నష్టమే.

మీ కంప్యూటర్ ఇలాగే వేడెక్కుతుంటే, ఫ్యాన్‌కు వేలు తగలకుండా రేకుల అంచును తాకి చూడండి. చల్లగా ఉంటే పాత పేస్ట్ తుడిచి కొత్తది పూయండి, కూలర్ మరలు బిగించండి. రేకులు కూడా కాలుతుంటే దుమ్ము దులపండి, ఫ్యాన్ తిరుగుతోందో లేదో చూడండి. గొట్టాలను మాత్రం వంచి సర్దే పని పెట్టుకోవద్దు. ఎక్కడైనా చిట్లి గాలి చొరబడిందంటే ఇంట్లో బాగుచేసే వీల్లేదు, కూలర్ మార్చాల్సిందే.