పై నంబరు, కింద నంబరు, మధ్యలో ఉన్న లెక్కలు

పోయిన నెలలో ఒక శుక్రవారం పొద్దున, నైట్ డ్యూటీ నుంచి వచ్చి పడుకోబోతుంటే హనుమకొండ నుంచి మా తోడికోడలు ఫోటో పంపింది. అత్తమ్మ చేతికి పట్టీ, ఒళ్లో చెయ్యి, పక్కన బీపీ మిషన్. దాని మీద 168, దాని కింద 72. "అక్కా, పైది కొంచెం ఎక్కువుంది గానీ కిందది మంచిగనే ఉంది గదా?" అని రాసింది. నేనూ నిద్రమత్తులో "ఆఁ, కిందది బాగానే ఉంది, రేపు మళ్లీ చూడు" అని పెట్టేసి పడుకున్నాను.

సాయంత్రం లేచి ఆ ఫోటో మళ్లీ చూస్తే నాకే సిగ్గేసింది. పద్దెనిమిదేళ్లుగా రోజూ ఇదే పని చేస్తున్నదాన్ని. డెబ్బై దాటిన మనిషికి పై నంబరుకీ కింద నంబరుకీ మధ్య 96 తేడా ఉంటే, కింద నంబరు తక్కువగా ఉండటం ఊరట కాదు. అది కూడా అదే జబ్బుకి ఇంకో గుర్తు.

మన ఇళ్లలో ఈ "కిందది బాగుంటే చాలు" అన్న మాట బాగా పాతుకుపోయింది. తప్పు మనది మాత్రమే కాదు లెండి, ఒకప్పుడు డాక్టర్లు కూడా కింద నంబరుకే ఎక్కువ విలువ ఇచ్చేవారు. పెద్దవాళ్లకి పైది పెరగడం వయసుతో వచ్చే మామూలు సంగతి అనుకునేవారు. 1991లో అమెరికాలో షెప్ అనే పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. అరవై దాటి, పై నంబరు మాత్రమే ఎక్కువగా ఉన్నవాళ్లకి మందులిచ్చి చూస్తే పక్షవాతం 36 శాతం తగ్గింది. అప్పటికి గానీ ఆ అభిప్రాయం మారలేదు. మన వాట్సాప్ గ్రూపుల్లో ఇంకా మారలేదు.

ఇంతకీ ఆ తేడా ఎందుకొస్తుంది? ఇక్కడే లెక్కల మాస్టార్లు వస్తారు. భయపడకండి, సూత్రాలేమీ రాయను.

గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మి.లీ. రక్తం బృహద్ధమనిలోకి వస్తుంది. ఆ గొట్టం రబ్బరులా సాగి కొంత రక్తాన్ని తనలో దాచుకుంటుంది. గుండె విశ్రాంతి తీసుకునేటప్పుడు మళ్లీ బిగుసుకుని దాన్ని ముందుకి నెడుతుంది. అందుకే కొట్టుకోవడం ఆగి ఆగి జరిగినా, చివర్లో సన్న నాళాల్లో రక్తం ఆగకుండా పోతూనే ఉంటుంది. గోడ గట్టిపడితే సాగదు. సాగకపోతే గుండె నెట్టినప్పుడు పీడనం ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. దాచుకున్నది లేదు కాబట్టి తర్వాత కిందికి పడిపోతుంది. పైది 168, కిందది 72. పొలంలో మోటారు వేసినప్పుడు మెత్తటి పైపు ఉబ్బడం, పీవీసీ పైపు టకటకమని అదరడం చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు.

ఈ సాగే గుణాన్ని కొలవడానికి ఇంజినీర్లు వాడే అంకెకి థామస్ యంగ్ పేరు పెట్టారు. పిల్లల ఇంటర్ ఫిజిక్స్ పుస్తకంలో ఉంటుంది, యంగ్ గుణకం అని. తీగలు, కడ్డీలు, బరువులు వేలాడదీసిన బొమ్మలు. ఆ యంగ్ డాక్టరు అని ఆ పుస్తకం చెప్పినట్టు నాకు గుర్తులేదు. లండన్‌లో వైద్యం చేసేవాడు. 1808లో గుండె, ధమనుల పని గురించి రాయల్ సొసైటీలో ఉపన్యాసం ఇచ్చి, సాగే గొట్టంలో నాడి అల ఎంత వేగంతో పోతుందో లెక్కగట్టాడు. అంతకు ముందే 1775లో ఆయిలర్ అనే మహా గణితవేత్త ధమనుల్లో రక్తం మీద సమీకరణాలు రాసి, సాధించలేక వదిలేశాడు. 1878లో ఇద్దరు డచ్చివాళ్లు, మోయెన్స్, కోర్టెవెగ్, ఆ వేగానికీ గోడ గట్టిదనానికీ ఉన్న సంబంధాన్ని తేల్చారు.

మనం మణికట్టు దగ్గర వేళ్లు పెట్టి నాడి చూస్తాం కదా, అప్పుడు తగిలేది గుండె నుంచి అప్పుడే వచ్చిన రక్తం కాదు. గోడల వెంట పరుగెత్తే అల. రక్తం దానికంటే చాలా నెమ్మది. కుర్రవాళ్లలో ఆ అల సెకనుకి 5 మీటర్ల చొప్పున పోతే, గట్టిపడిన ధమనుల్లో 10 మీటర్లు దాటుతుంది. అంత వేగంగా పోయిన అల కొమ్మలు చీలే చోట తగిలి వెనక్కి కూడా త్వరగానే వస్తుంది. గుండె ఇంకా నెడుతుండగానే వచ్చి కలుస్తుంది. పై నంబరు మరికాస్త పెరుగుతుంది. నాకు ఇది తెలిసిన రోజు, ఇన్నేళ్లూ వేళ్ల కింద ఏం పట్టుకుంటున్నానో తెలియకుండానే పట్టుకున్నానే అనిపించింది.

ఇక పట్టీ సంగతి. చేతికి పట్టీ బిగిస్తే లోపల ధమని చదునుగా నొక్కుకుపోతుంది. గాలి వదులుతుంటే ఒక దగ్గర రక్తం కొంచెం కొంచెంగా దూరడం మొదలై టప్ టప్ మని వినిపిస్తుంది. 1905లో కొరొత్కోవ్ అనే రష్యా సర్జన్ స్టెతస్కోపు పెట్టి విన్న చప్పుడు అదే. అసలు ఆ చప్పుడు ఎక్కడ పుడుతుందన్న దాని మీద వందేళ్లు దాటినా వాదన నడుస్తూనే ఉంది. రక్తం సుడులు తిరగడం వల్లనా, గోడ పట్ మని విచ్చుకోవడం వల్లనా, రెండూ కలిసా? గణితంలో దీన్ని ముడుచుకునే గొట్టం సమస్య అంటారు. గోడ ఆకారం ప్రవాహాన్ని మారుస్తుంది, ప్రవాహం గోడ ఆకారాన్ని మారుస్తుంది, రెండూ కలిసి ఊగడం మొదలుపెడతాయి. కేంబ్రిడ్జిలో టిమ్ పెడ్లీ లాంటివాళ్లు దీని మీద దశాబ్దాలు పనిచేశారు.

గొట్టం ఎందుకు చదును అవుతుందన్నది కూడా ఒక అందమైన విషయమే. పల్చటి రేకు ఏదైనా వంగడానికి సులువు, సాగడానికి కష్టం. పూతరేకు మడతపెట్టగలం, కానీ సాగదీస్తే చిరుగుతుంది. అందుకే బయటి నుంచి నొక్కితే గొట్టం గుండ్రంగా చిన్నదవదు. ఎక్కడో ఒకచోట లోపలికి వంగిపోయి, మధ్యలో నొక్కిన 8 అంకెలా అవుతుంది. అదే కోడిగుడ్డు పెంకు చూడండి, అంత పల్చనైనా అరచేతిలో పెట్టి సమంగా నొక్కితే అంత తేలిగ్గా పగలదు. రెండు వైపులా వంపు ఉన్నదాన్ని సాగదీయకుండా వంచలేం. దీని వెనక ఉన్న సిద్ధాంతం గౌస్ 1827లో చెప్పాడు. సుల్తాన్ ఖాబూస్ గ్రాండ్ మస్జిద్ ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఆ గుమ్మటం చూసి నాకు గుడ్డే గుర్తొస్తుంది, ఏం చెయ్యను.

కోవిడ్ తర్వాత అందరిళ్లలోకీ వచ్చిన డిజిటల్ మిషన్ అసలు ఆ చప్పుడు వినదు. ఈ ముక్క మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. అది గోడ ఊగే ఊపుని కొలుస్తుంది. ఊపు ఎక్కడ ఎక్కువగా ఉందో అక్కడ సగటు పీడనం అనుకుని, పై నంబరునీ కింద నంబరునీ తయారీదారులు పెట్టుకున్న లెక్కతో ఊహించి చూపిస్తుంది. కాబట్టి మనం కూర్చున్న తీరు తప్పితే లెక్కా తప్పుతుంది. ఫోటోలో అత్తమ్మ చెయ్యి ఒళ్లో ఉంది. చెయ్యి గుండె కంటే 10 సెంటీమీటర్లు కిందుంటే దాదాపు 8 పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, నీళ్ల ట్యాంకు కింద కుళాయికి జోరు ఎక్కువున్నట్టే. లావు చేతికి చిన్న పట్టీ పెడితే ఎక్కువ, సన్న చేతికి పెద్ద పట్టీ పెడితే తక్కువ. మాట్లాడుతుంటే ఎక్కువ. అత్తమ్మ మాట్లాడకుండా అయిదు నిమిషాలు కూర్చోవడం అనేది వేరే కథ.

స్టెతస్కోపుతో చూసే నర్సమ్మలకి ఒక మాట. గట్టిపడిన ధమనులున్న పెద్దవాళ్లలో ఒక్కోసారి చప్పుడు మొదలై, మధ్యలో ఆగిపోయి, మళ్లీ వస్తుంది. ముందు నాడి పట్టుకుని, అది ఆగిన దగ్గరి నుంచి ఇంకో 30 పైకి గాలి కొట్టాలని మనకి నేర్పించింది ఇందుకే. తొందరలో ఆ పని వదిలేస్తే రెండో చప్పుడే మొదటిదనుకుని 180ని 140 అని రాసేస్తాం.

నిశ్శబ్దంగా పోయే ప్రవాహం ఎప్పుడు అల్లకల్లోలమవుతుంది అన్నదాన్ని 1883లో మాంచెస్టర్‌లో ఓస్‌బోర్న్ రేనాల్డ్స్ గాజు గొట్టంలో రంగు వదిలి చూశాడు. నెమ్మదిగా పోతే రంగు దారంలా నిలబడింది. వేగం పెంచితే ఒక దగ్గర చెదిరిపోయింది. ఈ శాస్త్రమంతా ఒకే ప్రశ్న మీద నిలబడి ఉంది: చిన్న కదలిక కలిగిస్తే అది చచ్చిపోతుందా, పెరుగుతుందా? బౌషర్ ఇసుక దిబ్బల మీదికి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు చూడండి. కార్ల చక్రాల గుర్తులు లేని చోట ఇసుక ఎప్పుడూ చదునుగా ఉండదు, సన్న సన్న మడతలు ఉంటాయి. గాలికి చదునైన ఇసుక నిలవదు. చిన్న గడ్డ ఒకటి లేస్తే అది పెరుగుతుంది. అదీ అస్థిరత్వమే.

మన వైపువాళ్లు ఇందులో ఉన్నారా అని వెతికితే దగ్గర్లోనే దొరికారు. ఇంటిపేరులోనే అనంతపురం వైపు ఊరిని మోసిన రొద్దం నరసింహ, కల్లోల ప్రవాహం తిరిగి ప్రశాంతంగా ఎలా మారుతుందో పరిశోధించారు. 2020లో పోయారు. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన రమా గోవిందరాజన్ ప్రవాహ స్థిరత్వం మీద పనిచేసే శాస్త్రవేత్త. 2007లో భట్నాగర్ పురస్కారం వచ్చింది. టాటా ఇన్‌స్టిట్యూట్ వాళ్ల హైదరాబాద్ కేంద్రంలో కొన్నేళ్లు ఉన్నారు. చిక్కటి పొర, పల్చటి పొర పక్కపక్కన ప్రవహిస్తే ఏమవుతుందన్నది ఆమె పరిశోధనల్లో ఒకటి. రక్తం కూడా అలాగే కదా, కణాలన్నీ మధ్యలోకి చేరి గోడ పక్కన పల్చటి పొర మిగులుతుంది.

కానీ నన్ను కదిలించింది వరంగల్.

నీళ్లకి, నూనెకి పనికొచ్చే సమీకరణాలు నావియర్, స్టోక్స్ అనేవాళ్లు 19వ శతాబ్దంలో రాశారు. రక్తానికి అవి పూర్తిగా సరిపోవు. అందులో నలభై శాతానికి పైగా కణాలే. పోతూ పోతూ అవి తమ చుట్టూ తాము తిరుగుతాయి కూడా. 1931లో స్వీడన్‌లో ఫారియస్, లిండ్‌క్విస్ట్ ఒక వింత చూశారు. 0.3 మి.మీ. కంటే సన్నటి గొట్టాల్లో రక్తం మరింత పల్చనైనట్టు ప్రవర్తిస్తుంది. ఇలా లోపల తిరిగే కణాలున్న ద్రవాలకి 1966లో ఎరింగెన్ అనే ఆయన అమెరికాలో కొత్త సిద్ధాంతం రాశాడు, మైక్రోపోలార్ ద్రవాలని. మూడేళ్లకి, 1969లో, అటువంటి ద్రవంలో ఒక గోళం నెమ్మదిగా తిరిగితే ఎంత అడ్డుపడుతుంది అన్న లెక్కని ముగ్గురు సాధించి అంతర్జాతీయ పత్రికలో అచ్చువేశారు. వాళ్ల పేర్లు ఎస్.కె. లక్ష్మణరావు, ఎన్.సి.హెచ్. పట్టాభిరామాచార్యులు, పి. భుజంగరావు. వరంగల్ రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ. 1959లో నెహ్రూ శంకుస్థాపన చేసిన కాలేజీ, అప్పటికి పదేళ్ల పిల్ల. ఆ పేపరులో రక్తం గురించి కాదు, గోళం గురించే ఉంది. అయినా రక్తప్రవాహం మీద పనిచేసేవాళ్లు తర్వాత వాడుకున్న నమూనాల్లో మైక్రోపోలార్ ఒకటి.

పెళ్లయిన కొత్తలో కాజీపేట నుంచి హనుమకొండకి బస్సులో ఆ గేటు ముందు నుంచే పోయేదాన్ని. ఇంజినీర్లని తయారుచేసే చోటు అనుకున్నానే తప్ప, లోపల లెక్కల డిపార్ట్‌మెంటు ఒకటుందనీ, అక్కడ కూర్చుని ఇలాంటివి ఆలోచించారనీ ఎవరూ చెప్పలేదు. మా గ్రూపులో ఒకావిడ తన కూతురు ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేస్తానంటోందని బాధపడుతూ వాయిస్ మెసేజ్ పెట్టింది. "టీచర్ తప్ప ఇంకేమవుతుంది?" అని మిగతావాళ్లు ఓదార్చారు. నేను ఆమెకి ఈ మూడు పేర్లు పంపాను. ఇంకా జవాబు రాలేదు.

అత్తమ్మ సంగతి. వారం రోజులు పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, కుర్చీకి ఆనుకుని, చెయ్యి బల్ల మీద పెట్టి చూడమన్నాను. మా తోడికోడలు నోట్‌బుక్‌లో గీతలు గీసి మరీ రాసింది. పైది 150కి తగ్గలేదు, కిందది 70 దాటలేదు. ఆ పేజీ తీసుకుని వెళ్తే డాక్టరు నిలబెట్టి కూడా ఒకసారి చూసి, తల తిరగదని నమ్మకం కుదిరాకే మందు మార్చారు. నిన్న వీడియో కాల్‌లో పట్టీ కట్టించుకుంటూ అత్తమ్మ అడిగింది: "గా మిషన్ల లెక్కలు ఎవలు చేసిన్రో గానీ బిడ్డా, నన్ను అయిదు నిమిషాలు మాట్లాడనిస్తలేరు."