పాత జూక్‌బాక్సు మరమ్మతు

నాణెము వేసి మీట నొక్కినంతనే కోరిన పాటను వినిపించు యంత్రమునకు జూక్‌బాక్సు అని పేరు. 1889వ సంవత్సరమున అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమందు లూయీ గ్లాస్ అను నాతడు ఫోనోగ్రాఫునకు నాణెపు పెట్టె నమర్చి ఇట్టి యంత్రములకు నాంది పలికెను. 1946లో వర్లిట్జర్ సంస్థవారి 1015వ నమూనా రంగుల దీపములతోను, బుడగలు పైకెగయు గొట్టములతోను చూపరుల నలరించెను. 1948లో సీబర్గ్ సంస్థవారు యాభై రికార్డుల రెండు ప్రక్కలనుండి నూరు పాటలు వినిపించు యంత్రమును వెలువరించిరి.

ఇట్టి పాత యంత్రములను నేడు పలువురు ముచ్చటపడి కొనుచున్నారు. కాని వానిలో అనేకము మూగవోయి యుండును. వానిని స్వయముగా బాగుచేసికొనవచ్చునా? యంత్రమును రెండు భాగములుగా విడదీసి చూచినచో దీనికి సమాధానము దొరకును.

మొదటిది కదలెడు భాగము. రికార్డును ఎత్తి త్రిప్పుపళ్లెముపై నుంచు చేయి, పండ్లచక్రములు, మోటారు ఇందలివి. పెక్కు సందర్భములలో ఇవి విరిగి యుండవు. ఏండ్ల తరబడి కదలక యుండుటచే లోపలి గ్రీజు లక్కవలె గట్టిపడి చక్రములను తిరుగనీయదు. దానిని తుడిచి, తగిన నూనె వేసినచో యంత్రము మరల కదలవచ్చును. ఓర్పు గలవాడు తయారీదారుల పుస్తకమును ముందుంచుకొని, విప్పిన ప్రతి మరయొక్క చోటును గుర్తు వ్రాసికొనుచు ఈ పనిని చేయవచ్చును.

రెండవది విద్యుత్తునకు సంబంధించిన భాగము. ఇక్కడ తొందరపాటు ప్రాణాంతకము. పాటను బిగ్గరగా వినిపించు వాల్వులకు వందల వోల్టుల విద్యుత్తు అవసరము. ఆ విద్యుత్తును నిలువచేయు కెపాసిటర్లు, ప్లగ్గు తీసివేసిన పిమ్మటకూడ, కొంతసేపు ఘాతమును కలిగింపగలవు. తీగలపై తొడుగు కాలక్రమమున పొడిపొడియై రాలును. చిరకాలము మూలబడిన యంత్రమునకు పరీక్షింపకయే విద్యుత్తు నిచ్చినచో, పాడైన కెపాసిటరు మూలమున ట్రాన్స్‌ఫార్మరు కాలిపోవచ్చును. అప్పుడు చిన్న మరమ్మతుతో పోవలసినది పెద్ద నష్టమగును. కొండనాలుకకు మందు వేసిన ఉన్న నాలుక ఊడినదన్న సామెత ఇట్టిచోటనే పుట్టియుండును.

కావున పనికి పూనుకొనుటకు ముందు మూడు ప్రశ్నలు వేసికొనవలెను. ఈ పని ప్రాణమునకు అపాయకరమా? చేయి తప్పినచో చెడిన భాగము మరల దొరకునా? పని చేయు విధము నిజముగా తెలియునా? ఈ మూడింటికి తృప్తికరమైన సమాధానము లభించినప్పుడే పనిముట్లు పట్టవలెను. తెలిసిన పనిని స్వయముగా చేసికొనుట నేర్పు. తెలియనిదానిని నిపుణునకు అప్పగించి, అతడు చేయు తీరును చూచి నేర్చుకొనుట వివేకము.