నెత్తురులో ఏముంది?

'మా నెత్తురు వేరు, మీ నెత్తురు వేరు' అనే మాట మన ఊళ్లల్లో ఇప్పటికీ వినబడుతూనే ఉంది. కులాంతర పెళ్లి మాట ఎత్తితే చాలు, ముందు నెత్తురే గుర్తొస్తది. మరి ఆ నెత్తురులో ఏముందో ఒకసారి చూద్దాం.

పెద్ద మనిషి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో సగానికి కొంచెం ఎక్కువ ప్లాస్మా అనే లేత పసుపు ద్రవం. దాంట్లో 90 శాతానికి పైగా నీళ్లే. మిగిలింది ప్రొటీన్లు, లవణాలు, చక్కెర. ప్లాస్మా పోగా మిగిలినవి కణాలు. ఎర్ర కణాలు ఊపిరితిత్తుల నుంచి ప్రాణవాయువును ఒళ్లంతా మోస్తయి. తెల్ల కణాలు రోగక్రిములతో కొట్లాడతయి. ప్లేట్‌లెట్లు గాయం దగ్గర నెత్తురు గడ్డకట్టిస్తయి. ఇవన్నీ ఎముకల మూలుగలో పుడతయి. ఎర్ర కణం ఆయుష్షు సుమారు 120 రోజులు.

పురుషసూక్తం ఒక దేహాన్ని నోరు, చేతులు, తొడలు, పాదాలుగా విడగొట్టి నాలుగు వర్ణాలకు పంచింది. అంటరానోళ్లకు ఆ పాదాల కింద కూడా చోటు లేదు. రక్తం ఈ పంపకాన్ని ఒప్పుకోదు. సుమారు ఒక నిమిషంలో ఒళ్లంతా తిరిగి గుండెకు చేరుతుంది. పాదాల్లో పారిన నెత్తురే నోట్లోనూ పారుతుంది.

రక్తంలో తేడాలు లేవా? ఉన్నయి. 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టీనర్ రక్తం గ్రూపులను కనుగొన్నాడు. ఎ, బి, ఎబి, ఓ అన్నీ ప్రతి కులంలోనూ ఉన్నయి. గ్రూపు కలిస్తే మాదిగ తల్లి రక్తం బ్రాహ్మణ బిడ్డను బతికిస్తది. కలవకపోతే సొంత తమ్ముడి రక్తమే ప్రాణం తీయొచ్చు. ఇది తెలిసిన తర్వాత కూడా అమెరికా రెడ్‌క్రాస్ నల్లవాళ్ల రక్తాన్ని 1950 దాకా వేరుగా దాచింది. కారణం సైన్సు కాదు, జాతి అహంకారం. మన దగ్గర 1936లోనే అంబేడ్కర్ 'కులనిర్మూలన'లో రక్తశుద్ధి వాదాన్ని చీల్చి చెండాడిండు.

కులం రక్తంలో లేదు. కాని తిండి మీద, కూలి మీద దాని పెత్తనం రక్తంలో కనబడుతుంది. ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఇనుము కావాలి. అది చాలకపోతే ఆయాసం, నీరసం. కాన్పులో రక్తం పోతే తల్లి ప్రాణానికే ముప్పు. 2019లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏండ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే ఇది ఒక్క కులపు జబ్బు కాదు. అయినా తెలకపల్లి వంటి పాలమూరు పల్లెల్లో భూమి లేక కూలికి, వలసకు పోయే తల్లికి ఇది రెట్టింపు భారం. చెప్పుల్లేని కాళ్ల గుండా ఎక్కే కొంకి పురుగులు ఉన్న నెత్తురునూ పీలుస్తయి.

ఇంకొక సంగతి. మేక నెత్తురుతో వండే నల్ల, కార్జం, పెద్దకూర — వీటిలోని ఇనుము ఆకుకూరల్లోని దానికంటే సులువుగా ఒంటికి పడుతుంది. వీటినే 'నీచు తిండి' అని ఈసడించి మన పిల్లలు సిగ్గుపడేటట్టు చేసిండ్రు. సిగ్గుపడాల్సింది తిన్నోళ్లు కాదు.

ఆడకూలీలకు, హాస్టలు పిల్లలకు హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలె. ఆడవాళ్లకు 12 గ్రాములు, గర్భిణికి 11 గ్రాములు తగ్గితే రక్తహీనతే. ఐరన్ మాత్రలు, కడుపునిండా మంచి తిండి, బతకగలిగే కూలి అడగాలె. నెత్తురు గురించి మనం పెట్టుకోవాల్సిన లెక్క ఇది.