సొరుగు బలమంతా మూలల్లోనే!

సొరుగు లాగగానే ముందు చెక్క చేతికొచ్చి, మిగతాదంతా లోపలే ఉండిపోతే ఎంత చిరాకు! మేకు కొట్టిస్తాం, మళ్లీ ఊడుతుంది. “ఏటి వదినా, చేయించి రెండేళ్లయినా కాలేదు కదా!” అని పక్కింటావిడ అంటే కర్రని తిట్టుకుంటాం. చాలాసార్లు తప్పు కర్రది కాదు, అతుకుది.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఉద్దానంలో కొబ్బరి, జీడిమామిడి, పనస చెట్లను నేలకూల్చింది. పెరటి పనసచెట్టు పడిపోతే ఆ పలకలైనా ఇంటికి పనికి రావాలని ఏ ఇల్లాలికైనా ఉంటుంది. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో వీణలు చెక్కేది పనసకర్రతోనే. అయితే ఏకాండి వీణను ఒకే దుంగలో తొలుస్తారు, అతుకు బాధ లేదు. సొరుగుకి నాలుగు మూలలా అతుకు తప్పదు.

పావురం తోక అతుకు

పక్క చెక్క చివర పావురం తోక విప్పినట్టు పళ్లు కోస్తారు. ముందు చెక్కలో వాటికి సరిపడే గుంటలు తీస్తారు. పన్ను చివర వెడల్పు, మొదట సన్నం. అందుకే ఎంత లాగినా ముందు చెక్క ఊడి రాదు. ప్రాచీన ఈజిప్టు వాళ్లు కూడా ఈ అతుకు వాడారు. మేకు అయితే చెక్క చివరి నారల్లో సరిగా పట్టదు, పైగా మన సముద్రపు గాలికి తుప్పు పడుతుంది.

జిగ్ కొనాలా?

ఈ పళ్లను రంపం, ఉలితో కోయడానికి చెయ్యి తిరిగిన పనివాడు, బోలెడు సమయం కావాలి. జిగ్ అనేది దువ్వెనలాంటి అచ్చు ఉన్న బిగింపు సాధనం. దానిమీద కరెంటు రూటర్ నడిపితే పళ్లు ఒకే తీరుగా వస్తాయి. ఇంటికి రెండు సొరుగులు చేయించుకునేవారికి జిగ్ అక్కర్లేదు. మీ ఇంటాయనో, అబ్బాయో వడ్రంగి పనిమీద ఉండి, తరచూ సొరుగుల పని వస్తుంటే మాత్రం ఆలోచించాల్సిందే. డబ్బు పెట్టేముందు ఇవి చూడండి.

* స్థిరమైన అచ్చు ఉన్నది చవక, నేర్చుకోవడం సులువు. కానీ పళ్ల మధ్య దూరం మారదు. సొరుగు ఎత్తు ఆ లెక్కకి కుదరకపోతే చివర సగం పన్ను మిగిలి అందం పోతుంది. వేళ్లు జరుపుకునే రకం ఏ ఎత్తుకైనా సరిపోతుంది. అయితే ఖరీదు ఎక్కువ, అమర్చడానికి సమయం పడుతుంది.
* పక్క చెక్క అరంగుళం, ముందు చెక్క ముప్పావంగుళం ఉంటే రెండూ బిగుస్తాయో లేదో అడగండి.
* మీ రూటర్‌కి ఆ జిగ్ చెప్పిన బుష్, బిట్ సరిపోవాలి. ఇది చూడకుండా కొంటే అటక ఎక్కించడమే.
* మీకు వచ్చే పని ఎక్కువగా పార్టికల్ బోర్డుదైతే వద్దు. పళ్లు పొడిపొడిగా రాలిపోతాయి. ప్లైవుడ్ కూడా అంచులు చిట్లుతుంది.

కొన్నాక ముందు పాత ముక్కమీద పరీక్షించాలి. ముందు చెక్కలో పళ్లు దాగి ఉండే అతుకైతే, వదులుగా వస్తే బిట్‌ను కొద్దిగా లోతుకి దించాలి, మరీ బిగుతైతే పైకి లేపాలి. రూటర్ తిరుగుతుండగా అచ్చు మీద నుంచి పైకెత్తకూడదు. కళ్లజోడు, ముక్కుకి గుడ్డ తప్పనిసరి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి.

సాయం ఉంది

2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో వడ్రంగులూ ఉన్నారు. పనిముట్లకి 15,000 రూపాయల వరకు ఈ-వోచరు, మొదటి విడతగా లక్ష రూపాయల వరకు 5 శాతం వడ్డీకి అప్పు ఇస్తారు. కుటుంబంలో ఒక్కరికే. అప్పు అప్పే కాబట్టి నెలకి ఎన్ని సొరుగుల పని వస్తోందో ఇద్దరూ కూర్చుని కాగితంమీద రాసుకున్నాకే అడుగు వేయండి.

చేయించుకునేవారికి

డబ్బు చేతిలో పెట్టేముందు సొరుగు పూర్తిగా బయటికి తీయించి మూలలు చూడండి. పళ్ల మధ్య సందులు మైనంతోనో, రంపపు పొట్టుతోనో పూడ్చి ఉంటే అడగండి. అడుగు చెక్క అసలు కర్రదైతే గాడిలో కూర్చోవాలే గాని అంటించకూడదు. వానాకాలం ఉబ్బడానికి చోటుండాలి. పచ్చి కర్రతో అసలే వద్దు. సొరుగు పట్టేస్తుంటే జారే చోట కొవ్వొత్తి రుద్దండి, నూనె వద్దు, దుమ్ము పట్టేస్తుంది.

పాపిడిబిళ్ల నుంచి పట్టాదారు పుస్తకం దాకా మనం దాచుకునేది సొరుగులోనే. దాని మూలలు చూసి డబ్బిస్తే తప్పులేదు కదా!